రొయ్య తేలిన తర్వాత: వనామి చెరువుల దగ్గర నా అనుభవం

వనామి రొయ్య చెరువు జబ్బుతో పోవడానికి నాలుగైదు రోజులు చాలు. సోమవారం చెక్‌ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెంలో) మేత మిగల్చకుండా తిన్న రొయ్య శుక్రవారానికి గట్టు వెంట ఎర్రబడి పడి ఉంటుంది. భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు గట్ల మీద తిరిగేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. కానీ ఒకే ఊళ్లో, ఒకే కాలవ మీద, ఇద్దరి చెరువులకీ ఒకే వారంలో వైట్ స్పాట్ (తెల్ల మచ్చల జబ్బు) తగిలితే ఒకాయన మళ్లీ పంటకి సీడ్ (రొయ్య పిల్ల) వేసుకుంటాడు, ఇంకొకాయన ఉన్న ఎకరం అమ్ముకుని హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కాపలాకి పోతాడు. ఇన్నేళ్లుగా దగ్గరుండి చూసింది ఏమిటంటే, ఆ తేడా జబ్బులో లేదు. రొయ్య తేలే (జబ్బుపడి నీళ్ల పైకి వచ్చే) రోజుకి నీళ్లలో ఎంత డబ్బు ఉంది, అందులో సొంతమెంత, అప్పెంత అన్నదాంట్లో ఉంది.

ముందు ఆ లెక్క చూద్దాం. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి ధరలు మారతాయి కాబట్టి గుండ్రటి అంకెలు వేస్తున్నాను. ఎకరం చెరువు, లక్ష పిల్ల, అంటే చదరపు మీటరుకి సుమారు పాతిక. 65వ రోజుకి అయ్యే ఖర్చు ఇలా ఉంటుంది: చెరువు తయారీ, బ్లీచింగ్ 25 వేలు. సీడ్ పిల్లకి 35 పైసల చొప్పున 35 వేలు. మేత 1,200 కిలోలు, కిలో 95 లెక్కన 1,14,000. మినరల్స్, ప్రోబయోటిక్స్ 30 వేలు. కరెంటు, డీజిల్ 35 వేలు. కాపలా, కూలీలు 20 వేలు. కౌలు ఏడాదికి 80 వేలనుకుంటే ఈ పంట వాటా 40 వేలు. మొత్తం దాదాపు 3 లక్షలు.

ఆ రోజుకి 80 వేల రొయ్య బతికి, ఒక్కోటి పన్నెండున్నర గ్రాములు ఉందనుకుందాం. 80 కౌంట్, అంటే కిలోకి 80 రొయ్యలు, మొత్తం వెయ్యి కిలోలు. కిలో 240 పలికితే 2,40,000. గమనించండి, ఏ జబ్బూ లేకుండా, ఒక్క రొయ్య కూడా చావకుండా ఆ రోజు పట్టేసినా 60 వేలు నష్టమే. అదే చెరువు నూరు రోజులు నిలబడి 40 కౌంట్‌కి వస్తే, కొంత చచ్చినా 75 వేల రొయ్య మిగిలితే, 1,875 కిలోలు వస్తాయి. కిలో 340 అయితే 6 లక్షల 37 వేలు. అప్పటికి మేత 2,600 కిలోలు దాటుతుంది, మొత్తం ఖర్చు 5 లక్షల దగ్గరికి చేరుతుంది, ఎకరానికి లక్షా నలభై వేలు మిగులుతాయి.

అంటే లాభమంతా ఆఖరి ముప్పై, ముప్పై ఐదు రోజుల్లోనే ఉంది. జబ్బు ఎక్కువగా వచ్చేదీ, ఖర్చు గట్టిగా ఎక్కేదీ కూడా దానికి కాస్త ముందూ వెనకే. రైతు చెరువు పట్టేయకుండా ఇంకో రెండు రోజులు చూద్దాం అనడానికి కారణం ఆశపోతుతనం కాదు. ఆ రోజు పట్టేస్తే నష్టం ఖాయం, ఆగితే బయటపడే అవకాశం ఉంది. ఆ లెక్క అలా ఉంటుంది కాబట్టే ఆగుతారు. ఆగినప్పుడు సగం చచ్చి, 500 కిలోలు, అదీ మెత్తబడిన సరుకు కిలో 180కి పోతే చేతికి 90 వేలు వస్తాయి. ఎకరానికి 2 లక్షల 10 వేలు పోయినట్టు. ఐదెకరాల కౌలు రైతుకి పదిన్నర లక్షలు.

వైట్ స్పాట్ ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఒక్కో రోజుకీ ధర ఉంటుంది. కొన్ని చెరువుల్లో ముందు ఒకటి రెండు రోజులు మేత ఉన్నట్టుండి పెరుగుతుంది. కుర్రాళ్లు సంతోషపడతారు. అనుభవం ఉన్నవాడు అప్పుడే అనుమానపడతాడు. తర్వాత పూట చెక్‌ట్రే ఎత్తితే మేత మిగిలి ఉంటుంది. రాత్రి టార్చి వేస్తే రొయ్య చెరువు మధ్యలో ఉండకుండా అంచుల్లో, పైపైన మందకొడిగా తిరుగుతుంటుంది. తెల్లారేసరికి కొంగలు ఒక మూల గుమిగూడతాయి. మనిషి కన్నా ముందు వాటికి తెలుస్తుంది. అప్పుడు నీరసంగా ఉన్న రొయ్యని పట్టి, తల మీది డొల్ల ఊడదీసి, లోపలి వైపు కడిగి ఎండకి ఎదురుగా పెట్టి చూడాలి. అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల వరకు గుండ్రటి తెల్ల మచ్చలు కనిపిస్తాయి. కానీ వనామిలో చాలాసార్లు మచ్చ స్పష్టంగా ఉండదు, ఒళ్లు లేత ఎరుపు తిరగడం ఒక్కటే కనిపిస్తుంది. పీహెచ్ ఎక్కువైన చెరువుల్లో సున్నం పేరుకుని వచ్చే మచ్చలు, బాక్టీరియా మచ్చలు కూడా ఇలాగే ఉంటాయి. అందుకే మచ్చ చూసి చెరువు పట్టేయకూడదు, మచ్చ లేదని ఆగకూడదు. నీరసంగా ఉన్నవి ఐదారు ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపితే పీసీఆర్ (జబ్బు క్రిమి జాడ పట్టే పరీక్ష) ఫలితం ఆ రోజే వచ్చేస్తుంది. ఆ ఖర్చు ఒక బస్తా మేత ధర కన్నా పెద్దదేం కాదు.

పాజిటివ్ వచ్చిందంటే ఇక మందు లేదు. ఇది వైరస్. షాపులో ఇచ్చే ఏ డబ్బా కూడా చెరువులో వైరస్‌ని చంపి రొయ్యని బతికించదు. యాంటీబయోటిక్ అసలు పనిచేయదు, పైగా నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషం దొరికితే అవతలి దేశంలో కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. అయినా ఆ మూడు నాలుగు రోజుల్లోనే మందుల షాపు బిల్లు ఎక్కువ అవుతుంది. కళ్ల ముందు పంట పోతుంటే ఏదో ఒకటి వేయకుండా ఉండలేరు. ఆ బాధ తెలిసిన షాపువాడు కూడా ఇవ్వకుండా ఉండడు. పోయిన పంటల ఖాతాలు తిరగేస్తే ఆఖరి పేజీలో మందుల పద్దే పెద్దగా కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

చావు మొదలైతే మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ. చలికాలం రాత్రుళ్లు, వానకి నీళ్ల వేడి, ఉప్పదనం ఒక్కసారి పడిపోయినప్పుడు, అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడిచే రోజుల్లో వేగం ఎక్కువ. అందుకని పాజిటివ్ వచ్చిన పూటే కొనుగోలుదారుకి ఫోన్ చేయాలి. మేత ఆపేయాలి, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) మాత్రం ఆపకూడదు. పట్టుబడి ముఠా, ఐస్ దొరకడమే అప్పుడు కష్టం, ఎందుకంటే చుట్టుపక్కల నాలుగు చెరువులదీ అదే పరిస్థితి అయి ఉంటుంది. కిలో రొయ్యకి కిలో ఐస్ లెక్క చూసుకోవాలి. గుల్ల విడిచిన మెత్తన రొయ్య ఎంత శాతం ఉందో వల విసిరి ముందే చూసుకుంటే తూకం దగ్గర తరుగు గురించి మాట్లాడటానికి మనకి మాట ఉంటుంది. లేకపోతే అవతలివాళ్లు చెప్పిందే తరుగు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జబ్బు చెరువుని నీళ్లు వదిలి పట్టకూడదు. రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తే ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి పోతాయి, తెల్లవారి కింది చెరువువాళ్లు అదే డ్రెయిన్ నుంచి మోటారు వేసి తోడుకుంటారు. ఒక ఊరి చెరువులన్నీ వారంలో పోయాయంటే కారణం చాలాసార్లు ఆ ఒక్క తూమే. లాగుడు వలతో పట్టేసి, మిగిలిన నీళ్లకి క్లోరిన్ కొట్టాలి. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు అయితే సుమారు 4,850 ఘనపు మీటర్ల నీళ్లు. 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) క్లోరిన్ కావాలంటే 145 కిలోల క్లోరిన్. బ్లీచింగ్ పౌడరులో 30 శాతం ఉందనుకుంటే 480 కిలోలు దాకా అవుతుంది. పాత, తడి తగిలిన బస్తాలో అంత శాతం ఉండదు, ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నీ పోగొట్టుకున్న మనిషిని ఇంకో అర టన్ను బ్లీచింగ్ కొనమనడం న్యాయంగా అనిపించదు, నాకు తెలుసు. అందుకే ఈ ఖర్చుని కాలవ మీద ఉన్న రైతులంతా ముందే ఎకరానికింత అని ఒక నిధిగా వేసుకున్న చోట తూము రాత్రిపూట లేవదు. బ్లీచింగ్ వేశాక కనీసం వారం నీళ్లు కదలకూడదు. చచ్చిన రొయ్య ఏరి సున్నం వేసి పాతాలి, లేకపోతే కాకులూ కొంగలూ ముక్క నోట కరుచుకుని పక్క చెరువులో వేస్తాయి. పీతలు గట్టు దాటకుండా కంచె, చెరువు మీద పక్షుల వల, చెరువుకో విసురు వల ఉండాలి. ఈ మూడూ లేని చోట సీడ్ ఎంత శుభ్రమైనదైనా లాభం లేదు.

ఒక్క రాత్రిలో పోయే దారి ఇంకొకటి ఉంది, డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోవడం. రెండు మూడు రోజులు మబ్బు పట్టి నీళ్ల రంగు ఒక్కసారి తేలిపోయిందంటే నాచు చచ్చినట్టు. ఆ రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఐదు మధ్య ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రొయ్య ఇబ్బంది పడుతుంది, ఇంకా దిగితే చస్తుంది. నాలుగైదు వందల కిలోల రొయ్యకి ఒక హెచ్‌పీ ఏరేటర్ అన్నది మామూలు లెక్క. రెండు టన్నుల చెరువుకి ఐదు హెచ్‌పీ వరకు తిరగాలి. కరెంటు పోయిందని జనరేటర్ దగ్గరికి వెళ్తే బ్యాటరీ డౌన్, లేదా డీజిల్ లేదు. పంట మొత్తం ఆ గంటలో పోతుంది. నెలకి ఒకసారి లోడు వేసి జనరేటర్ తిప్పి చూడటం ఎవరూ చెప్పాల్సిన పని కాదు, కానీ పోయిన చెరువుల్లో ఎక్కువ చోట్ల తిప్పలేదు.

ఈహెచ్‌పీ (రొయ్య జీర్ణగ్రంథిలో చేరే సూక్ష్మజీవి) సంగతి వేరు. అది మామూలుగా చంపదు. రొయ్య తింటుంది, ఎదగదు. వల వేస్తే ఒకటి పన్నెండు గ్రాములు, పక్కది ఐదు గ్రాములు. కొన్నిసార్లు నీళ్ల మీద తెల్లటి దారాల్లా మలం తేలుతుంది. 90 రోజులకి కూడా 100 కౌంట్ రాని చెరువుకి మేత వేస్తూ పోవడం వల్ల పోయిన డబ్బు, నా లెక్కలో, వైట్ స్పాట్‌లో పోయినదానికి తక్కువ కాదు. కాకపోతే చప్పుడు లేకుండా పోతుంది. 45వ రోజుకి సైజు తేడా కనపడితే పీసీఆర్ చేయించి, పాజిటివ్ అయితే వచ్చినకాడికి పట్టేయడమే మంచిది.

ఇంకో దెబ్బ చెరువులో ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రొయ్య ఆరోగ్యంగానే ఉంది, ప్రాసెసింగ్ ప్లాంట్లలో మనుషులు లేరు. 2025 ఏప్రిల్‌లో అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించగానే, అది అమల్లోకి రాకముందే, గట్టు మీద రేటు పడింది. ఆగస్టు 27 నాటికి ఆ సుంకం 50 శాతానికి చేరింది, యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం) లాంటి పాత సుంకాలు అప్పుడు దాని పైన అదనంగా ఉండేవి. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు అమెరికా కాబట్టి అక్కడ కాగితం మీద సంతకం పడితే ఇక్కడ కౌంట్ రేటు కదులుతుంది. రేటు పడిందని ఆగుదామంటే రొయ్య ఆగదు. 1,800 కిలోల రొయ్య రోజుకి 45 కిలోల మేత తింటుంది, అంటే ఎకరానికి నాలుగు వేల పైన, కరెంటు కాకుండా. ఆ వారంలో పెరిగే బరువూ రేటూ కలిసి ఈ ఖర్చుని దాటకపోతే ఆగినందుకు నష్టమే.

ఇప్పుడు అప్పు. మేత ఎక్కువమందికి డీలర్ అప్పుగా వేస్తాడు. నగదు రేటుకీ అప్పు రేటుకీ కిలోకి తేడా ఉంటుంది. పట్టుబడి రోజు డబ్బు ముందు ఆయన దగ్గరికే పోతుంది, కొన్నిచోట్ల కొనేవాణ్ని కూడా ఆయనే తెస్తాడు. పంట బాగున్నప్పుడు ఇందులో తప్పు కనపడదు. బ్యాంకు ఇవ్వని డబ్బు ఆయనే ఇస్తున్నాడు మరి. పంట పోయినప్పుడు మేత బాకీ ప్రోనోటు అవుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పదిన్నర లక్షలకి నెలకి 21 వేలు. పొలం లేని కౌలు రైతుకి ఆ 21 వేలు ఎక్కడినుంచి వస్తాయి? ఇంట్లో బంగారం బ్యాంకుకి వెళ్తుంది, దాని మీద వచ్చిన డబ్బుతో మళ్లీ సీడ్ వస్తుంది.

ఆ రెండో పంటలోనే మనుషులు మునిగిపోతారు. పోయింది ఒకేసారి రాబట్టాలని ఎకరానికి లక్ష పిల్ల వేసినచోట రెండు లక్షలు వేస్తారు. ఏరేటర్లు అవే, జనరేటర్ అదే, అడుగున నల్లమట్టి అదే. డబ్బు లేదని చెరువు ఎండబెట్టకుండా పదిహేను రోజుల్లో నీళ్లు పెడతారు. సీడ్ పరీక్ష మానేస్తారు. మొదటి దెబ్బకి పంట పోతే, రెండో దెబ్బకి పొలం పోతుంది. జబ్బు తగిలిన చెరువుని అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టి, నల్లమట్టి తీయించి, ఈహెచ్‌పీ ఉన్నదైతే ఎకరానికి 2,400 కిలోల దాకా పొడి సున్నం (క్విక్ లైమ్) వేసి, నాలుగంగుళాల లోతు దున్ని తడపాలి. మట్టి పీహెచ్ 12 దాటాలి, వారం అలా వదిలేయాలి. దానికి చేతిలో డబ్బు లేకపోతే ఆ పంట మానేయడమే మేలు. కౌలు ఊరికే పోతుంది, నిజమే. 40 వేలు పోవడానికీ 2 లక్షలు పోవడానికీ తేడా ఉంది.

డీలర్‌తో లెక్క కూర్చుని రాసుకోవాలి, ఎంత బాధలో ఉన్నా సరే. బస్తాల లెక్క, తేదీలు, కట్టినవి, వాపసు ఇచ్చిన బస్తాలు అన్నీ చూసుకున్నాకే ప్రోనోటు. తేదీ వేయని ఖాళీ చెక్కులు ఎన్ని ఇచ్చారో నంబర్లతో సహా ఆ కాగితం మీదే రాయించుకోవాలి. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు వస్తుంది, అది అందాక కట్టడానికి 15 రోజులే గడువు, తర్వాత అది క్రిమినల్ కేసు. ప్రోనోటుకి కాలపరిమితి మూడేళ్లు. గడువులోపల కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. చెల్లు రాసేటప్పుడు ఈ సంగతి తెలిసే రాయాలి. కట్టిన డబ్బుకి రసీదు లేదా బ్యాంకు ద్వారా చెల్లింపు, రెండింట్లో ఒకటి తప్పనిసరి.

ఒక చెరువు పోతే రైతు ఒక్కడే పోడు. కాపలా కుటుంబం గట్టు మీద గుడిసె ఖాళీ చేస్తుంది. పట్టుబడి ముఠా, ఐస్ ప్లాంటు, బండ్లవాళ్లు, రొయ్య తలలు తీసే షెడ్డుల్లో కూలీకి వెళ్లే ఆడవాళ్లు, వీళ్లకి పని మరుసటి రోజు నుంచే ఉండదు. వీళ్ల నష్టం ఏ లెక్కలోకీ రాదు, ఏ అధికారీ రాసుకోడు. ఇది నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది. నెల్లూరు వైపు 1994-95లో టైగర్ రొయ్యకి వైట్ స్పాట్ వచ్చినప్పుడు కూడా రైతుల గురించే మాట్లాడారు. 2009లో వనామికి అనుమతి వచ్చి చెరువులు మళ్లీ నిండేదాకా మిగతావాళ్లు ఎలా బతికారో ఎక్కడా రాసిలేదు.

బీమా ఇన్నాళ్లూ లేనట్టే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి పథకంలో నాలుగు హెక్టార్లలోపు రైతులకి ఆక్వా బీమా ప్రీమియంలో 40 శాతం వరకు, హెక్టారుకి 25 వేలు మించకుండా, ప్రోత్సాహకం ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు కూడా చేపలు, రొయ్యలకి వర్తిస్తుంది. రెండిటికీ అడ్డు ఒకటే, చెరువు మీద హక్కు చూపే కాగితం. మన వైపు కౌలు ఎక్కువ నోటిమాట మీదే నడుస్తుంది. యజమానిని ఒప్పించి ఏడాదికైనా కౌలు పత్రం రాయించుకోవడం, చెరువుకి మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సీడ్ వేయకముందే చూసుకోవడం అందుకే. అదే పత్రంలో ఇంకో వాక్యం కూడా రాయించుకోవాలి: జబ్బు వచ్చి 60 రోజుల్లోపు చెరువు పట్టేయాల్సి వస్తే ఆ పంట కౌలులో సగం వచ్చే పంటకి వాయిదా వేయాలని. ఒప్పుకునే యజమానులు ఉన్నారు. చెరువు బీడుపడి ఉండటం వాళ్లకీ నష్టమే. కానీ రొయ్య తేలాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు, అడ్వాన్సు చేతిలో పెట్టే రోజే అడగాలి.